థాన్ హోటల్లో తీపి

అక్సు, 1991 సెప్టెంబర్ 9

సూయీ,

నువ్వు షాంఘై చేరినట్టు టెలిగ్రాం అందింది. ఎండు ద్రాక్ష మూట అత్తయ్యకి ఇచ్చే ఉంటావు. ఇవ్వకపోతే ఇప్పుడు ఇవ్వు.

ఇక్కడ కొత్త సంగతి ఒకటే. మిల్లు గేటుకి ఎదురుగా థాన్ బాబాయి హోటల్ తెరిచాడు. ట్రాక్టర్ల షెడ్డులో పని మానేశాడు. బోర్డు మీద 'షాంఘై భోజనం' అని తనే రంగుతో రాసుకున్నాడు. వంటకాలు తొమ్మిది. తాతయ్య షాంఘైలో వంటవాడు కాబట్టి ఒక్కొక్కటీ నేను తిని, సరిగ్గా ఉందో లేదో చెప్పాలట. "నువ్వు ఊఁ అంటే హోటల్, ఊహూఁ అంటే మళ్ళీ ట్రాక్టర్లు" అన్నాడు.

మొదటిది ఎర్ర మాంసం, ఎర్రగా ఉడికించిన పంది ముక్కలు. తిన్నాను. సరిగ్గానే ఉందన్నాను. అత్తయ్య వండినప్పుడు ఎలా ఉంటుందో నాకు రాయి.

చెప్పినవే మళ్ళీ చెబుతున్నాను. షాంఘై నుంచి సర్కారు పంపగా ఇక్కడికి వచ్చినవాళ్ళ పిల్లల్లో ఇంటికొకరు మాత్రమే పదహారేళ్ళు నిండగానే అక్కడివాళ్ళు కావచ్చు. నీకు ఏప్రిల్ ఇరవైకి నిండుతాయి. ఆలోగా వాళ్ళ ఇంటి సర్కారు నమోదు పుస్తకంలో నీ పేరు ఎక్కడానికి మామయ్య సంతకం కావాలి. అది లేకపోతే వెనక్కి రావడమే. మళ్ళీ అవకాశం లేదు. పెట్టింది తిను. దేనికీ వద్దనకు.

నాన్న


షాంఘై, సెప్టెంబర్ 27

నాన్నా,

కూర్చుని రాయడం లేదు, బోర్లా పడుకుని రాస్తున్నాను. కూర్చుంటే తల కప్పుకి తగులుతుంది. వంటింటి మీది అటక నాకిచ్చారు. కింద ఏడు కుటుంబాలకి ఒకటే వంటిల్లు కాబట్టి సాయంత్రం ఏడు కూరల వాసనలు కలిసి పైకొస్తాయి. వాటిని విడదీసి ఎవరిది ఏ వాసనో నోటు పుస్తకంలో రాస్తున్నాను. ఆ పుస్తకం మాటల కోసం పెట్టుకున్నాను. ఇప్పటికి నలభై ఒక్క మాటలు చేరాయి. అన్నిటికన్నా నచ్చింది 'ముసురు'. పాఠాల్లో చదివాను గానీ, ఎడారి పక్కనున్న మన అక్సులో ఆ మాటకి పనే లేదు కదా. ఇక్కడ మూడు రోజులుగా కురుస్తోంది. మూడు రోజులుగా ఆ మాటని నోట్లో పెట్టుకుని తిరుగుతున్నాను.

అత్తయ్య కూతురు మిన్‌మిన్‌కి పదకొండేళ్ళు. వచ్చిన రోజే అడిగింది: "అక్కా, మీరు ఒంటెలెక్కి బడికెళ్తారా?"

"లేదే. ఒంటెలకి వేరే బడుంది."

"నిజంగానా! ఏం నేర్పుతారు?"

"నీళ్ళు అడక్కుండా ఉండటం."

అత్తయ్య గట్టిగా నవ్వింది. మామయ్య పేపరు తిప్పారు.

ఆదివారం అత్తయ్య ఎర్ర మాంసం వండింది. నువ్వు చెప్పేదానిలాగే ఉంది నాన్నా. ముక్క మీద పాకం మెరుస్తూ, నోట్లో పెట్టగానే కరిగిపోతూ, తియ్యతియ్యగా ఉంది. సంతకం గురించి అత్తయ్య అడిగితే మామయ్య, "చూద్దాం, ఏప్రిల్ ఎక్కడికి పోతుంది?" అన్నారు.

నువ్వు ఒక్కడివే వండుకుంటున్నావా, రోజూ థాన్ బాబాయి దగ్గరేనా? వివరంగా రాయి. నీ ఉత్తరం ఇరవై రెండు వాక్యాలే ఉంది.

సూయీ


అక్సు, అక్టోబర్ 20

సూయీ,

వివరంగా రాయమన్నావు. ప్రయత్నిస్తాను.

రెండోది ఉల్లికాడల చేప. చెరువు చేపే. థాన్ వేయిస్తుంటే అతని భార్య పక్కనే నిలబడింది. ఆవిడది హెనాన్ ప్రాంతం, షాంఘై ఎప్పుడూ చూడలేదు. థాన్ చక్కెర డబ్బా ఎత్తగానే ఆవిడ మొదలుపెట్టింది.

"ఇది కూరా, పెళ్ళి పాకమా? చేప మీద అంత చక్కెరేంటయ్యా?"

"నీకు తెలీదు. షాంఘై వంటంటే ఇదే."

"నాకు తెలీదు సరే, ఆ చేపకైనా తెలిసుండాలి కదా!"

గిద్దెడు చక్కెర వేశాడు. ఆ పూట పద్నాలుగో నంబరు సర్కారు పొలం నుంచి లారీలో ఆరుగురు వచ్చారు, అందరూ మాతో ఒకే సంవత్సరం షాంఘై నుంచి దిగినవాళ్ళు. నలభై కిలోమీటర్లు మట్టి రోడ్డు మీద వచ్చి, చేతులు కడుక్కుని కూర్చున్నారు. అందరూ మొదటి ముద్ద తిన్నారు. తర్వాత వే అక్క, పత్తి తూచే ఆవిడ, నీకు తెలుసు, "ఇదే" అంది. మిగతావాళ్ళు కూడా "ఇదే" అన్నారు. నా వైపు చూశారు. నేనూ "ఇదే" అన్నాను.

నిజానికి నాకు నోటికి రుచేమీ తెలియలేదు. వేడిగా ఉంది, మెత్తగా ఉంది, అంతవరకే. మీ అమ్మ పోయిన దగ్గర్నుంచి ఇలాగే ఉంది. ఈ మాట థాన్‌కి రాయకు.

నీ అటకకి కిటికీ ఉందా?

నాన్న


షాంఘై, నవంబర్ 16

నాన్నా,

కిటికీ ఉంది, పళ్ళెమంత.

ఇది పీతల కాలం. పోయిన ఆదివారం మామయ్య వాళ్ళ అన్నయ్య కుటుంబం భోజనానికి వచ్చింది. మనిషికొక పీత. నాకూ ఒకటి పెట్టారు. ఎక్కడ విప్పాలో తెలియక మిన్‌మిన్‌ని చూస్తూ విప్పాను. అల్లం, వెనిగర్ కలిపిన గిన్నెలో ముంచి తిన్నాను. అందరూ నన్నే చూస్తున్నారు.

"ఎలా ఉందే, మొదటిసారి కదా?" అంది అత్తయ్య.

"మొదటిసారి కాదత్తయ్యా. ఇది అచ్చం మా నాన్న వండే గుడ్డులా ఉంది" అన్నాను.

నువ్వు గుడ్డులో అల్లం, వెనిగర్ వేసి 'పీత' అని పెట్టేవాడివి కదా, అది గుర్తొచ్చింది. పొగడ్తగానే అన్నాను. అందరం నవ్వాం. చాలాసేపు నవ్వాం.

బళ్ళో సరైన వాక్యం రాయడం నేర్చుకున్నట్టు ఇక్కడి యాసలో మాట్లాడటం కూడా నేర్చుకుంటున్నాను. సంతకం ఇంకా కాలేదు. అటక బాగానే ఉంది.

సూయీ


అక్సు, డిసెంబర్ 8

సూయీ,

ముందు ఎవరు నవ్వారు? మామయ్య ఏమన్నారో నువ్వు రాయలేదు. రాయకుండా వదిలేయడం నాకు అలవాటే, అందుకే తెలిసింది.

ఆ గుడ్డు సంగతి చెబుతాను. మేం వచ్చిన మొదటి శరదృతువులో నేలలో తవ్విన గదుల్లో ఉండేవాళ్ళం. ఒకరోజు వే అక్క పీతల కాలం వచ్చిందని కేలండర్ చూసి ఏడ్చింది. ఎవరో నాలుగు గుడ్లు తెచ్చారు. థాన్ దగ్గర అల్లం ఉంది. గిలక్కొట్టి, సొన గట్టిపడేలోపే దించి, పన్నెండు మందిమి చెంచాడేసి తిన్నాం. కళ్ళు మూసుకుని తినమన్నాడు థాన్. మూసుకున్నాం. తర్వాత ఏటా చేశాం. ఏనాటికో కళ్ళు మూసుకోవడం మానేశాం. నువ్వు పుట్టాక నీకూ అదే పెట్టాను, ఇది నిజం పీత కాదమ్మా అని చెప్పాలని కూడా తోచలేదు. తప్పు నాది. మామయ్యకి అలాగే చెప్పు.

థాన్ దగ్గర మూడు, నాలుగు, ఐదు వంటకాలు కూడా అయ్యాయి: ఉల్లికాడల నూనె కలిపిన నూడుల్స్, గోధుమ జిగురు ముక్కల కూర, రొయ్యలు. రొయ్యలు ఎండువి, నానబెట్టాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయన్నాను. హోటల్ నిండుతోంది. కుర్చీలు చాలక మిల్లులోంచి దూది బేళ్ళు తెచ్చి వేశాడు. గిట్టుబాటు అవుతుందా అంటే, "మీ ముఖాలు చూడ్డానికి పెట్టానురా, గిట్టుబాటు ఎందుకు?" అంటాడు.

నాలుగు నెలలే ఉంది. ఓర్చుకో. ఉత్తరం కొంచెం పొడుగ్గా రాయి. పోయినది ఒక పేజీ కూడా లేదు.

నాన్న


షాంఘై, 1992 జనవరి 12

నాన్నా,

చలి. ఇక్కడ ఇళ్ళలో బొగ్గు పొయ్యిలు పెట్టరు. వేళ్ళు వాచాయి. నొప్పి లేదు, గిల్లినా తెలియడం లేదు.

పెట్టింది తింటున్నాను. దేనికీ వద్దనలేదు. నవంబర్ తర్వాత మాటల పుస్తకంలో ఏమీ రాయలేదు. మాటలు దొరక్క కాదు. దొరికినా తీసుకోవాలనిపించలేదు.

పీతల రోజున నవ్వింది వాళ్ళు. నేను నవ్వలేదు. మామయ్య తన అన్నయ్యతో అన్నారు: "పీతకీ గుడ్డుకీ తేడా తెలీని పిల్లని షాంఘై మనిషిని చెయ్యాలట, నా పద్నాలుగు చదరపు మీటర్లలో." ఆ తర్వాత నేను పళ్ళెం కడిగాను.

ఇంకో అబద్ధం దిద్దాలి. సెప్టెంబర్‌లో ఎర్ర మాంసం తియ్యతియ్యగా ఉందని రాశాను. లేదు. నీకు అలా కావాలని రాశాను. అత్తయ్య చక్కెర చెంచాతో వేస్తుంది, అదీ తలకొట్టి సమం చేసి. మిగతా ఇళ్ళలో కూడా అంతే. నీ ఉత్తరాలన్నీ మొన్న అత్తయ్యకి చదివి వినిపించాను. చేప దగ్గర ఆపింది.

"ఎంత వేస్తాడట ఆ థాన్?"

"గిద్దెడు."

"గిద్దెడా! మా నాన్న బతికుంటే వాణ్ణి గరిటెతో కొట్టేవాడు. మా అన్నయ్య తిని సరిగ్గా ఉందన్నాడా?" అని నవ్వుతూ, మధ్యలో ఆగిపోయింది. "చక్కెర పంపింది నేనే" అంది.

పన్నెండేళ్ళు నెలనెలా తన వంతు చక్కెర కూపన్లన్నీ ఇచ్చి, కొని, గుడ్డ సంచిలో కుట్టి నీకు పంపిందట. ఇంకేం పంపినా దారిలో పాడైపోయేదట. మిగతావాళ్ళ ఇళ్ళనుంచి కూడా వచ్చింది చక్కెరేనట. "ఇంటి నుంచి వచ్చేది అదొక్కటే కదా, ఇల్లంటే అదే రుచి అనుకున్నారు పాపం" అంది.

తర్వాత ఇంకొకటి చెప్పింది. నువ్వు నాకెప్పుడూ చెప్పనిది. ఆ సంవత్సరం ఇంటికొకరు అక్సుకి వెళ్ళాలని పేటలో జాబితా వేస్తే, మీ ఇంటి నుంచి అందులో ఉన్నది అత్తయ్య పేరట. నువ్వు ఆఫీసుకెళ్ళి అది కొట్టేయించి నీ పేరు రాయించావట. ఇంటికొచ్చి "ఎల్లుండి రైలు" అన్నావట.

"ఎందుకెళ్తున్నావని అడగలేదా అత్తయ్యా?"

"అడిగితే మనసు మార్చుకుంటాడేమోనని భయమేసింది" అంది. బంగాళాదుంపలు తరుగుతూ అంది. ఏడవలేదు. నేనూ ఏడవలేదు.

నాన్నా, నేను వెనక్కి వచ్చేయనా?

సూయీ


అక్సు, ఫిబ్రవరి 12

సూయీ,

నీ ఉత్తరం ఫిబ్రవరి మూడున, మన కొత్త సంవత్సరం పండగకి ముందురోజు వచ్చింది. వెంటనే జవాబు రాయలేదు.

పండగ రెండో రోజున థాన్ దగ్గర నాలుగు బల్లలూ నిండాయి. అందరూ మనవాళ్ళే. చక్కెర సంగతి చెప్పేద్దామని వెళ్ళాను. నేను చెప్పకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? థాన్ ఎర్ర మాంసం తెచ్చి పెట్టాడు. వే అక్క ఒక ముక్క తిని, "మా అమ్మ ఇంతకన్నా కొంచెం తక్కువ ఉడికించేది. రుచి మాత్రం ఇదేరా" అంది.

నేను నోరు తెరిచాను.

"ఏంట్రా?" అన్నాడు థాన్.

"ఏం లేదు. అన్నం తీసుకురా."

తర్వాత వెనక్కి వెళ్ళి అతని భార్యతో చెప్పాను. ఆవిడ గరిటె కింద పెట్టింది.

"ఆర్నెల్ల నుంచి నేను మొత్తుకుంటున్నది అదేగా! హెనాన్ దాన్నని నా నోరు మూయించాడు!"

"అయితే తగ్గించమను."

"నేనెందుకంటాను? వాళ్ళు తినేటప్పుడు ముఖాలు చూశారా మీరు? మీరే చెప్పుకోండి." మళ్ళీ గరిటె తీసుకుంది.

నేను చెప్పలేదు. ఆవిడా చెప్పలేదు. తొమ్మిది వంటకాలూ అయిపోయాయి. తొమ్మిదీ సరిగ్గా ఉన్నాయని చెప్పాను.

అత్తయ్య చెప్పింది నిజమే. పెద్ద కారణమేమీ లేదు. దానికి పదహారేళ్ళు, రాత్రి లేచి నీళ్ళు తాగడానికి కూడా నన్ను తోడు రమ్మనేది. అది వెళ్ళి బతకలేదని అనుకున్నాను. దాన్ని అడగలేదు. మా అమ్మానాన్నల్నీ అడగలేదు. నన్ను కూడా ఎవరూ అడగలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు అయింది, బాధగా ఉందా అంటే తెలియదు. ఆ చోట తడిమితే ఏమీ తగలదు.

నిన్ను రైలెక్కించేటప్పుడు కూడా నిన్ను అడగలేదు. మంచిదని తోచింది, పంపాను. మళ్ళీ అదే చేశాను.

అందుకని ఇప్పుడు అడుగుతున్నాను. అక్కడ నీ పేరు ఎక్కాలంటే ఇక్కడ పుస్తకంలోంచి తీసేసినట్టు కాగితం కావాలి. అది నేను ఇంకా తీసుకోలేదు. పంపమంటే పంపుతాను. వద్దంటే స్టేషన్‌కి వస్తాను. మామయ్య సంతకం పెట్టినా, పెట్టకపోయినా సరే, ముందు నీ మాట కావాలి. నాకేది ఇష్టమో రాయను. రాస్తే నువ్వు అదే చేస్తావు.

నాన్న


షాంఘై, మార్చి 5

నాన్నా,

మామయ్య సంతకం పెట్టలేదు. అత్తయ్య పెట్టింది.

ఇల్లు తాతయ్యది కదా. పుస్తకంలో ఇంటి పెద్ద మొదటి నుంచీ అత్తయ్యేనట. కాగితానికి కావలసింది ఇంటి పెద్ద సంతకమే. నీ ఉత్తరం వచ్చిన సాయంత్రం, అది చదివి వినిపించాక, అత్తయ్య సొరుగులోంచి కాగితం తీసి, మామయ్య ఎదురుగానే పెన్ను అడిగింది.

"నన్నొక మాట అడగవా?" అన్నారు మామయ్య.

"ఆర్నెల్లుగా అడుగుతున్నాగా. ఇంకెన్నిసార్లు అడగాలి?"

తర్వాత వంటింట్లో నేను అడిగాను: "నువ్వే పెట్టొచ్చని తెలిసీ ఇన్నాళ్ళూ ఆయన్ని ఎందుకడిగావు అత్తయ్యా?"

"ఆయన వద్దంటే, వద్దన్నది నేను కానక్కర్లేదు కదే" అంది. గిన్నె తోముతూ నా వైపు చూడకుండా చెప్పింది. అబద్ధం చెప్పనందుకు నాకు కోపం రాలేదు.

మామయ్య రెండు రోజులు పేపరు వెనకే కూర్చున్నారు. మూడో రోజు స్టూలు వేసుకుని అటకలో పెద్ద బల్బు పెట్టారు. "గుడ్డి దీపం కింద చదివి కళ్ళు పోగొట్టుకుంటే ఆసుపత్రికి తిప్పేది నేనేగా" అన్నారు.

ఇక నా మాట. తొమ్మిది రోజులు ఆలోచించాను. సంతోషంగా ఉన్నానని రాయను. చాలా రోజుల్లో ఏమీ అనిపించదు. లేస్తాను, బడికి వెళ్తాను, తింటాను, అటకెక్కుతాను. వెనక్కి రావడానికి కారణాలు రాద్దామని కాగితం తీసుకుంటే 'నాన్న' అని ఒక్కటే రాయగలిగాను. అది పెద్ద కారణమే. కానీ ఒకరి కోసం ఇంకొకరు వెళ్ళిపోవడం, ఉండిపోవడం మన ఇంట్లో ఇప్పటికే చాలా జరిగింది.

ఉండటానికి ఒక చిన్న కారణం దొరికింది. మన పేటలో గ్రంథాలయం ఉంది. ఇంటికి పుస్తకం ఇవ్వాలంటే ఇక్కడివాళ్ళమని రుజువు చూపించాలి. నాకు లేదు కాబట్టి బీరువాల మధ్య నిలబడి చదువుతున్నాను. ఒక నవల నూట పద్దెనిమిదో పేజీలో ఉండగా నిన్న తలుపులు మూసేశారు. ఇవాళ వెళితే ఎవరో తీసుకెళ్ళిపోయారు. దారంతా కోపంతో విసవిసా నడిచాను నాన్నా. నాకు కోపమొచ్చి ఎన్నాళ్ళయిందో. ఇంటికొచ్చి ఆ కోపానికి సరిపోయే మాట కోసం అరగంట వెతికి, నోటు పుస్తకంలో రాశాను.

కాగితం పంపించు. నీ కోసం కాదు, అత్తయ్య కోసం కాదు.

సూయీ


అక్సు, మార్చి 17

సూయీ,

ఇవాళ పొద్దున సెలవు పెట్టి ఆఫీసుకి వెళ్ళాను. గుమాస్తా అమ్మాయి మన పుస్తకం తెరిచింది. నీ పేరు మీద స్కేలు పెట్టి ఎర్ర సిరాతో గీత గీసింది. గీత సరిగ్గా వచ్చింది.

"కారణం?"

"చదువు."

"ఇంట్లో ఇంక ఎంతమంది?"

"ఒకరు."

"పెద్దాయనా, కొంచెం గట్టిగా చెప్పండి."

"ఒకరు" అన్నాను. ముద్ర కొట్టింది. కాగితం ఈ ఉత్తరంతో పాటు రిజిస్టర్ పోస్టులో పంపుతున్నాను. మడత దగ్గర చిరక్కుండా తియ్యి.

బయటికి వచ్చి మెట్ల మీద కాసేపు నిలబడ్డాను. ఏదో జరుగుతుందని చూశాను. ఏమీ జరగలేదు. గాలి, దుమ్ము, గాడిద బళ్ళు, అంతే. అప్పుడు ఆకలేసింది. ఇది రాయాల్సిన సంగతేనా అని ఆలోచించాను. మీ అమ్మ పోయాక వేళ అయిందని తిన్నాను గానీ, ఆకలేసి తిన్నది గుర్తు లేదు.

మిల్లు గేటు వైపు నడవలేదు. బజారు వైపు వెళ్ళాను. మొదట్లోనే రొట్టెలు కాల్చే మట్టి పొయ్యి ఉంది, అప్పుడే రొట్టెలు తీస్తున్నారు. ఉప్పు, నువ్వులు చల్లినవి. ఒకటి తీసుకుని నడిరోడ్డు మీద నిలబడే తిన్నాను. చల్లారేదాకా ఆగలేదు. నోరు కాలింది, కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

"మెల్లగా అన్నా, రొట్టె ఎక్కడికీ పారిపోదు" అన్నాడు పొయ్యి దగ్గరి ముసలాయన.

ఇంకొకటి ఇమ్మన్నాను.

నాన్న